పణం, టోకెన్, ఆటనాణెం: భైంసా సరిహద్దు నేపథ్యంలో మారకపు చరిత్ర

వ్యాససంగ్రహం

ఆన్‌లైన్ ఆటల్లో వాడే కృత్రిమ నాణేలను అసలు డబ్బుకు అమ్ముకోవడం ఈ పాతికేళ్లలో పుట్టిన వింతగా చాలామంది భావిస్తున్నారు. ఆటవస్తువును ధనంగానూ, ధనాన్ని ఆటవస్తువుగానూ మార్చే వ్యవహారానికి మన భాషలో, ధర్మశాస్త్రాల్లో, నిజాం కాలపు ద్రవ్యవ్యవస్థలో, న్యాయస్థానాల తీర్పుల్లో దీర్ఘమైన పూర్వచరిత్ర ఉంది. ఆట నైపుణ్యానిదా, అదృష్టానిదా అనే ప్రశ్న కంటే, మారకం ఎవరి చేతిలో ఉంది అనే ప్రశ్నే ఈ చరిత్రకు ప్రధానమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1956లో ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు, ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి మారిన భైంసా ప్రాంతాన్ని ఇందుకు క్షేత్రంగా స్వీకరించడమైనది.

కీలకపదాలు: పణం, సభికుడు, బట్టా, హాలీ సిక్కా, రమ్మీ, యూసీ, భైంసా

1. ఉపోద్ఘాతం

నిర్మల్ నుంచి నాందేడు వెళ్లే 61వ నంబరు జాతీయ రహదారి మీద తెలంగాణ వైపున్న చివరి పెద్ద పట్టణం భైంసా. పత్తికి పేరున్న మార్కెట్టు. తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ ఒకే దుకాణంలో వినిపించే ఊరు. ఈ ప్రాంతం నుంచి వచ్చిన డిగ్రీ విద్యార్థులకు నానార్థాలు బోధిస్తూ ఒకనాడు ‘నాణెం’ అనే పదానికి వారి వాడుకలో ఉన్న అర్థాలు చెప్పమని అడిగాను. చిల్లర డబ్బులు, క్రిప్టో అన్న తరువాత ఎక్కువమంది చెప్పినది ఆటలోని కాయిన్. బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా ఆటలో వాడే యూసీని గురించి వివరిస్తూ ఒక విద్యార్థి, “సార్, యూసీ కొనుడే ఉంటది, అమ్ముడు ఉండదు. పైసలు కావాల్నంటే ఐడీయే అమ్మాలె” అన్నాడు. ఈ వ్యాసానికి ఆ వాక్యమే మూలం. కొనడానికి వీలై, తిరిగి అమ్మడానికి వీలులేని నాణెం ఎటువంటి నాణెం? దానిని అమ్ముకోవడానికి మనిషి తన ఆటపేరునే, అంటే ఆ ఆటలో తన ఉనికినే అమ్మవలసి రావడం ఎప్పటినుంచి మొదలైంది?

ఆన్‌లైన్ ఆటల మీద తెలుగులో వచ్చిన చర్చ ఎక్కువభాగం వ్యసనం, అప్పులు, ఆత్మహత్యల చుట్టూ సాగింది. ఆ చర్చ అవసరమైనదే. దాని వెనుక ఉన్న ద్రవ్యచరిత్రను పరిశీలించడం ఇక్కడి ఉద్దేశం.

2. మాటల్లో మిగిలిన చరిత్ర

‘ప్రాణాలను పణంగా పెట్టాడు’ అని నేటికీ రాస్తున్నాం. ఇక్కడ పణం అంటే పందెపు సొమ్ము. కౌటిల్యుని అర్థశాస్త్రంలో జరిమానాలన్నీ పణాల్లో ఉంటాయి. అక్కడ పణం నాణెం. ఒకే మాటకు పందెం, నాణెం అనే రెండర్థాలు ఉండటం యాదృచ్ఛికం కాదు. ధాతుపాఠంలో ‘పణ’ ధాతువుకు మొదట చెప్పిన అర్థం వ్యవహారం. కొని అమ్మే వస్తువు పణ్యం, అమ్మే చోటు ఆపణం, అంగళ్ల వీథి విపణి. ఇవన్నీ ఆ ధాతువు సంతానమే. ‘వ్యవహృ’, ‘పణ’ ధాతువులు సమానార్థకాలైనప్పుడు వాటి కర్మకు షష్ఠీవిభక్తి వస్తుందని పాణిని ఒక సూత్రం చేశాడు. ఆ సమానార్థకత ఎక్కడ అన్న ప్రశ్నకు కాశికావృత్తి ఇచ్చిన సమాధానం గమనార్హం: జూదంలోనూ, క్రయవిక్రయాల్లోనూ. జూదానికీ వ్యాపారానికీ భాష ఒకే క్రియను వాడుతున్నదని వ్యాకర్త గుర్తించాడు. నీతిశాస్త్రం ఆ రెండింటినీ వేరుచేయడానికి ఎంత ప్రయత్నించినా వ్యాకరణం మాత్రం వాటి చుట్టరికాన్ని దాచలేదు.

భాస్కరాచార్యుని లీలావతి (1150)లోని పరిభాషాప్రకరణం ఇంకొక ఆధారాన్నిస్తుంది. 20 వరాటకాలు ఒక కాకిణి, 4 కాకిణులు ఒక పణం. వరాటకం అంటే గవ్వ. అంటే ఒక పణానికి 80 గవ్వలు. అదే గవ్వ పచ్చీసులోనూ, అష్టాచెమ్మాలోనూ పాచికగా పనిచేస్తుంది. ఆట ఆడే వస్తువు, పందెం కాసే సొమ్ము, అంగడిలో చెల్లే చిల్లర ఒకే లెక్కలో ఇమిడిపోయాయి. బెంగాల్, ఒరిస్సా ప్రాంతాల్లో 19వ శతాబ్దారంభం దాకా గవ్వలు పన్ను చెల్లింపులకు కూడా వాడుకలో ఉన్నాయి. కంపెనీ ప్రభుత్వం వాటి స్థానంలో వెండి రూపాయిని పట్టుబట్టడం 1817 నాటి పైకా తిరుగుబాటుకు ఒక కారణమైంది. తెలుగులో గవ్వ ద్రవ్యంగా చెల్లకుండా పోయినా ‘చేతిలో చిల్లిగవ్వ లేదు’ అనే పలుకుబడిలో మిగిలింది. పిల్లల ఆటలో మాత్రం గవ్వ గవ్వగానే ఉంది.

అచ్చతెలుగు మాటలూ ఉన్నాయి. నెత్తం ఆడటం, పందెం ఒడ్డటం మన ప్రబంధాల్లో తరచుగా కనబడతాయి. కందుకూరి రుద్రకవి నిరంకుశోపాఖ్యానంలో కథానాయకుడు సాక్షాత్తు శివునితో జూదమాడి రంభను గెలుచుకుంటాడు. సరసకావ్యంగా పేరుపడిన ఈ ప్రబంధాన్ని ద్రవ్యదృష్టితో చదివితే మరొక విషయం స్ఫురిస్తుంది. గెలుపు ఆటపలక మీద తేలిపోతుంది. కానీ గెలిచిన సొమ్ము చేతికి రావడం వేరే ఘట్టం. ఒడ్డిన పణం నిజమైన వస్తువుగా మారే ఆ క్షణానికి ఎవరు పూచీ?

3. సభికుడు, సరాబు, తక్‌పట్టీ

ఈ పూచీని ధర్మశాస్త్రాలు సభికునికి అప్పగించాయి. జూదశాలను నడిపేవాడు సభికుడు. యాజ్ఞవల్క్యస్మృతి ప్రకారం పెద్ద పందేల్లో నూటికి 5, మిగిలినవాటిలో నూటికి 10 అతని భాగం. అందుకు ప్రతిగా ఓడినవాని నుంచి సొమ్ము రాబట్టి గెలిచినవానికి అందజేయాలి. రాజుకు చెందవలసిన భాగం రాజుకు చెల్లించాలి. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర సంప్రదాయం 13వ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయం ద్వారా తెలుగులోకి వచ్చింది. అర్థశాస్త్రం మరింత నిక్కచ్చిగా ఉంటుంది. ద్యూతాధ్యక్షుడు జూదాన్ని ఒకే చోట ఆడించాలి. వేరేచోట ఆడితే 12 పణాల దండన. గెలిచిన సొమ్ములో నూటికి 5 పాళ్లు అతడు తీసుకోవాలి. గవ్వలకూ, పాచికలకూ అద్దె వేరు. ఆటవస్తువు ఆటగాడిది కాదు, శాలది అన్నమాట. ఆటగాడు తెచ్చుకున్న పాచికలను నమ్మలేక చేసిన ఏర్పాటు ఇది. ఈ వివరాన్ని గుర్తుంచుకోవలసిన అవసరం ముందు వస్తుంది.

మారకం విద్యలో భైంసా ప్రాంతానికి జూదంతో సంబంధం లేని అనుభవం కూడా ఉంది. హైదరాబాదు రాజ్యంలో నిజాం ప్రభుత్వపు హాలీ సిక్కా, బ్రిటిషిండియా రూపాయి పక్కపక్కనే వ్యవహారంలో ఉండేవి. రెండవదాన్ని జనం కల్దారు అన్నారు. 100 కల్దారు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ సిక్కా అధికారిక ధర; అంటే 6 కల్దారులకు 7 హాలీలు. మరాఠ్వాడా పత్తి ప్రధానంగా బొంబాయి మార్కెట్టుకు చేరేది. బొంబాయిలో చెల్లేది కల్దారు, ఊళ్లో కూలికీ శిస్తుకూ చెల్లేది హాలీ. రెంటికీ నడుమ కూర్చున్న సరాబు పుచ్చుకునే తేడా బట్టా. నాణెం విలువ నాణెంలో లేదు, దానిని మార్చిపెట్టే మనిషి దగ్గర ఉంది అనే సంగతి ఇక్కడి రైతుకు ఏ అర్థశాస్త్ర గ్రంథమూ చదవకుండానే తెలుసు.

1950వ దశకంలో హాలీ సిక్కా తొలగిపోయినా మారకపు కోత పోలేదు. ఉత్తర తెలంగాణ మార్కెట్లలో పత్తి అమ్మిన రైతు చేతికి వచ్చేది తక్‌పట్టీ, అంటే తూకమూ ధరా రాసిన చీటీ. ఆ కాగితానికి డబ్బు కొన్నాళ్ల తరువాత వస్తుంది. అప్పటికప్పుడే కావాలంటే నూటికి ఇంత అని తగ్గించి ఇస్తారు. దానికి జనం పెట్టుకున్న పేరు ‘క్యాష్ కటింగ్’. బట్టాకు ఇది వారసురాలు. ఆటనాణేన్ని తక్కువ ధరకు అమ్ముకునే కుర్రవాడు చేసే లెక్క అతని తాత తక్‌పట్టీ పట్టుకుని చేసిన లెక్కే.

4. బల్లమీది కౌంటర్లు

హైదరాబాదు రాజ్యంలో జూదాన్ని నియంత్రించినది 1305 ఫస్లీ నాటి 2వ చట్టం. ఫస్లీ లెక్కను మార్చుకుంటే అది 1895-96. ఈ చట్టం కిందనే రమ్మీ సుప్రీంకోర్టుకు చేరింది. 1963 మే 4న సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. ఆడుతున్నవారి చేతుల్లో ముక్కలు, బల్ల మీద డబ్బుతో పాటు కౌంటర్లు దొరికాయి. కౌంటరు అంటే డబ్బుకు బదులుగా వాడే బిళ్ల. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ పేరుతో ప్రసిద్ధమైన ఈ కేసులో 1967 నవంబరు 22న తీర్పు వెలువడింది. పడే ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి కనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని జస్టిస్ హిదాయతుల్లా నిర్ణయించారు.

తరువాతి అర్ధశతాబ్దంలో ఆన్‌లైన్ రమ్మీ సంస్థలన్నీ ఈ ఒక్క భాగాన్నే ఉటంకిస్తూ వచ్చాయి. కానీ తీర్పులో మరొక మాట ఉంది. పందెం పెట్టి ఆడే రమ్మీ నుంచి క్లబ్బు యజమాని లాభం గడిస్తున్నట్లు రుజువైతే నేరం నిలబడవచ్చునని న్యాయస్థానం స్పష్టం చేసింది. వసతి కల్పించినందుకు తీసుకునే రుసుము వేరు, ఆట నుంచే పిండుకునే లాభం వేరు. అనగా న్యాయస్థానం దృష్టి ఆట మీదనే ఆగలేదు, సభికుని వాటా దాకా వెళ్లింది. ఈ రెండవ భాగానికి దక్కవలసిన ప్రాధాన్యం దక్కలేదని నా అభిప్రాయం. నైపుణ్యమా, అదృష్టమా అనే మీమాంస తర్కానికి రుచిగా ఉంటుంది. బల్లమీది బిళ్ల ఎవరిది, దాన్ని తిరిగి ఎవరు కొంటారు అనే ప్రశ్న నీరసంగా ఉంటుంది. అందుకే కావచ్చు, వాదనలన్నీ మొదటిదాని చుట్టూనే తిరిగాయి.

తెలుగువారి నేల మీదనే ఈ బిళ్ల తెరమీదికి ఎక్కింది. భారతదేశంలో తొలి ఆన్‌లైన్ రమ్మీ వేదికల్లో ఒకటైన ఏస్ టు త్రీ హైదరాబాదు సంస్థది. ఇటువంటి వేదికల్లో చిప్పులు రెండు రకాలుగా ఉండేవి: అభ్యాసానికి ఉచితంగా ఇచ్చేవి, డబ్బు పెట్టి కొనేవి. మొదటివి ఎన్ని కోట్లు గెలిచినా అక్కడే ఉండేవి. రెండవవి బ్యాంకు ఖాతాకు తిరిగి వచ్చేవి. ఒకే తెర మీద ఒకటి హాలీ, ఒకటి కల్దారు. తేడా ఏమంటే, హాలీని కల్దారుగా మార్చే సరాబు ఇక్కడ లేడు. ఉంటే చట్టానికి వెలుపల ఉంటాడు.

5. ఒకవైపే తెరుచుకునే తలుపు

ఆ వెలుపలి సరాబు చరిత్ర పాశ్చాత్య దేశాల్లో 1990వ దశకం చివర మొదలైంది. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్, 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ ఆటల్లోని బంగారాన్నీ, ఆయుధాలనూ ఆటగాళ్లు ఈబే వేలంలో అమ్ముకున్నారు. అర్థశాస్త్రవేత్త ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా 2001లో ఈ అమ్మకాల ధరలను ఆధారం చేసుకుని ఎవర్‌క్వెస్ట్‌లోని కల్పిత లోకం నోరాత్ ఆర్థికవ్యవస్థను లెక్కకట్టాడు. అక్కడ ఆటగాడి గంట శ్రమకు 3.42 డాలర్లు వస్తున్నదని తేల్చాడు. కొద్ది ఏళ్లలో చైనాలో ఆటబంగారం తవ్వడమే కూలిపనిగా మారింది. యువకులు 12 గంటల షిఫ్టుల్లో కూర్చుని నాణేలు పోగుచేస్తే, వాటిని అమెరికా ఆటగాళ్లు డాలర్లిచ్చి కొన్నారు. ఈబే 2007లో ఇటువంటి వేలాలను తొలగించింది. ఆటనాణేలతో అసలు వస్తువులు కొనరాదని చైనా ప్రభుత్వం 2009లో నిబంధన పెట్టింది. బ్లిజార్డ్ సంస్థ మాత్రం 2012లో డయాబ్లో 3 ఆటలో తానే వేలంశాల తెరిచి, నిజమైన డబ్బుకు అమ్మకాలను అనుమతించి, వాటా తీసుకుంది. ఆడి సంపాదించడం కంటే కొనుక్కోవడమే తేలికైపోయి ఆట చప్పబడటంతో 2014 మార్చిలో దానిని మూసివేసింది. సభికుడు తన లాభాన్ని తానే వదులుకున్న అరుదైన ఉదాహరణ ఇది.

ఇవన్నీ కంప్యూటరు ఆటలు. మన పట్టణాలకు ఆట చేరింది సెల్‌ఫోను ద్వారా. పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం నిషేధించేనాటికి యూసీ కొనడం ఉత్తర తెలంగాణ యువకులకు రీచార్జి చేయించినంత మామూలు పని. ఇటువంటి ఆటల నిబంధనల ప్రకారం యూసీ ఆస్తి కాదు, వాడుకోవడానికిచ్చే అనుమతి మాత్రమే. దానిని నగదుగా మార్చరు, ఇతరులకు అమ్మనివ్వరు. నిషేధం పడిననాడు ఆ ఖాతాల్లో ఉన్నదానికి నాణేల యజమానులుగా ఆటగాళ్లకు హక్కేమీ లేకపోయింది. 2021 జులైలో వచ్చిన బీజీఎంఐ పాత ఖాతా వివరాలను కొంతకాలం బదిలీ చేసుకోనిచ్చింది. అది సంస్థ దయ. ఆటగాడి హక్కు కాదు. అర్థశాస్త్రంలో గవ్వలు శాలవి అయినట్లే ఇక్కడా నాణెం శాలదే. అయితే ద్యూతాధ్యక్షుడు గవ్వకు అద్దె మాత్రమే పుచ్చుకున్నాడు. ఇక్కడ కొన్నట్లు ధర చెల్లించి అద్దెకు తెచ్చుకున్నట్లు వాడుకోవాలి.

తలుపు ఒకవైపే తెరుచుకున్నప్పుడు జనం కిటికీ వెదుక్కుంటారు. నాణేన్ని అమ్మనివ్వనప్పుడు నాణెమున్న ఖాతానే అమ్మడం ఆ కిటికీ. విద్యార్థి చెప్పిన ‘ఐడీ అమ్ముడు’ ఇదే. ఎన్నేళ్ల ఆట, ఎన్ని దుస్తులు, ఏ హోదా అనేవి చూసి ధర కడతారు. సొమ్ము యూపీఐలో వస్తుంది. అమ్మినవాడు పాస్‌వర్డును తిరిగి మార్చేసుకుంటే కొన్నవాడు ఎక్కడా మొరపెట్టుకోలేడు, ఎందుకంటే ఆ అమ్మకమే నిబంధనలకు విరుద్ధం. సభికుని పూచీ లేని జూదశాలలా, సరాబు లేని మారకంలా ఇది నడుస్తుంది. తీన్ పత్తీ తరహా చిప్పుల ఆటల్లోనూ ఇదే తీరు: చిప్పులకు నగదు లేదని సంస్థ రాస్తుంది, చిప్పులు కొని అమ్మే దళారి మాత్రం బయట తయారవుతాడు. ఇటువంటి చిప్పులకు విలువ లేదనడం ఎంతవరకు సాధ్యం? 2011లో ఇంగ్లండులోని ఎక్సెటర్ న్యాయస్థానం జింగా సంస్థ పేకాటలోని 40 వేల కోట్ల చిప్పులను దొంగిలించినవానికి శిక్ష విధించింది. సంస్థ లెక్కలేనన్ని చిప్పులు సృష్టించుకోగలదు, వాటిని తిరిగి కొనదు. అయినా అవి ఆస్తే అని అక్కడ తేలింది. దొంగతనం జరిగినప్పుడు ఆస్తి, ఆటగాడు అమ్మబోయినప్పుడు కాదు.

6. రెండు గీతలు

రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం కింద 1956 నవంబరు 1న నాందేడు జిల్లాలోని ముధోల్, భైంసా, కుబీరు సర్కిళ్లు ఆదిలాబాదు జిల్లాలో చేరాయి. అంతకుముందు నాందేడుకూ, భైంసాకూ జూదం విషయంలో చట్టం ఒక్కటే. తరువాత నాందేడు బొంబాయి రాష్ట్రం మీదుగా మహారాష్ట్రకు, భైంసా ఆంధ్రప్రదేశ్‌కు, 2014లో తెలంగాణకు చెందాయి. బంధుత్వాలూ, పత్తి బండ్లూ ఆ గీతను పెద్దగా పట్టించుకోలేదు. దానిని నిక్కచ్చిగా పట్టించుకున్నది సెల్‌ఫోను.

తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో ఆర్డినెన్సు ద్వారా, ఆపై శాసనసభ ద్వారా 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించింది. డబ్బు లేదా మరే పందెమైనా పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం దాని పరిధిలోకి వచ్చింది. నైపుణ్యమనే మినహాయింపు అటువంటి పందేలకు లేకుండా పోయింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే బాట పట్టింది. రమ్మీ సంస్థలు తెలంగాణలో ఉన్న ఫోన్లను స్థానసూచిక ద్వారా గుర్తించి డబ్బు ఆటను నిలిపివేశాయి. సంస్థ కార్యాలయం హైదరాబాదులో, అందులో ఆడకూడనివాడూ హైదరాబాదులోనే. భైంసాలో మూతపడిన అదే ఆట భోకర్ దారిలో రాష్ట్ర సరిహద్దు దాటగానే చట్టబద్ధంగా తెరుచుకునేది. ఒక చిప్పు డబ్బు అవునో కాదో నిర్ణయించినది ఆటగాడి నైపుణ్యం కాదు, 1956లో సర్కిళ్ల వారీగా గీసిన గీత.

పన్నుల చట్టం ఇంకో దారిన వచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్ ఆటల నికర గెలుపు మీద నూటికి 30 మూలంలో కోత. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి ఆటగాడు జమచేసే సొమ్ము మీద నూటికి 28 జీఎస్టీ విధించారు. డబ్బు చిప్పుగా మారే గుమ్మం దగ్గర ఒక కోత, చిప్పు డబ్బుగా మారే గుమ్మం దగ్గర మరొక కోత. నైపుణ్యమా కాదా అన్న చర్చను పక్కనపెట్టి మారకం దగ్గర కాపలా కూర్చున్నది మొదట పన్నుల శాఖే. ద్యూతాధ్యక్షునికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించేది కాదు. అతని నూటికి 5తో పోల్చితే రేటు మాత్రం ఆశ్చర్యపరిచేది.

7. ‘ఇతర పందేలు’

2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించగా 22న రాష్ట్రపతి సమ్మతి పొందిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం డబ్బు ఆటలను దేశమంతటా నిషేధించింది. నైపుణ్యమైనా అదృష్టమైనా ఒక్కటే అన్నది. ఇటువంటి ఆటను అందించేవారికి 3 సంవత్సరాల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. చరిత్రకారునికి ఇంతకంటే ముఖ్యమైనది అందులోని ఒక నిర్వచనం. ‘ఇతర పందేలు’ అంటే డబ్బుకు సమానమైనదిగా లేదా డబ్బుగా మార్చదగినదిగా గుర్తింపు పొందినది ఏదైనా అని చెప్పి, క్రెడిట్లు, కాయిన్లు, టోకెన్లు, వస్తువులు, పేరు ఏదైనా సరే, నిజమైనవైనా కల్పితమైనవైనా, డబ్బు పెట్టి నేరుగానో చుట్టుతిప్పుగానో కొన్నవన్నీ అందులో చేర్చారు. 1963లో పోలీసులు బల్లమీద చూసిన కౌంటరుకు చట్టంలో చిరునామా దొరకడానికి 62 ఏళ్లు పట్టింది. వివిధ హైకోర్టుల్లో ఈ చట్టాన్ని సవాలు చేసిన పిటిషన్లను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తనకు బదిలీ చేసుకుంది.

అయితే ఈ నిర్వచనం పనిచేయాలంటే గెలుపు మీద ఆశతో పెట్టిన పందెం ఉండాలి. గెలిచి తిరిగి రాబట్టుకునే ఆశ లేకుండా దుస్తుల కోసం కొనే యూసీ దీని కిందికి రాదు. ఐడీ అమ్మకంలో పందెమే లేదు. ఒకడు ఇచ్చాడు, ఒకడు పుచ్చుకున్నాడు. డబ్బు ఆటల విషయంలో 1956 గీతకు అటూ ఇటూ ఇప్పుడు చట్టం ఒక్కటే. ఐడీ అమ్మకం విషయంలో ముందునుంచీ ఒక్కటే: రెండు వైపులా దాని ఊసు లేదు. పత్తి అమ్మిన రైతుకు కనీసం తక్‌పట్టీ ఉంటుంది, దాన్ని చూపి మార్కెట్ కమిటీ కార్యాలయానికి వెళ్లవచ్చు. నాలుగేళ్లు ఆడిన ఖాతాను అమ్మిన అతని కొడుకు దగ్గర ఉండేది యూపీఐ సందేశం ఒక్కటే. అందులో సొమ్ము ఎంత అని ఉంటుంది, దేనికి అని ఉండదు.